కార్డు ఆనించిన మధ్యాహ్నం

“మూడొందల నలభై ఏంది, అమలా?”

జోయల్ ఫోన్ చేసేసరికి నేను ఏడో నంబరు మంచం దగ్గర సెలైన్ సీసా మారుస్తున్నాను. ఆసుపత్రి కింద ఉన్న మందుల షాపులో బ్యాంకు కార్డు మిషనుకు ఆనించి పది నిమిషాలు కూడా కాలేదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, “పాపకు ప్యాడ్లు, అత్తకు మోకాళ్ళ నూనె” అన్నాను.

“నూనె పోయిన వారమే తెస్తిని గదా?”

“అయిపోయిందంట.”

“సరే సరే. తప్పేం లేదులే. ఊరికే అడిగినా.”

మంచం మీద ముసలాయన నా మొహం వైపు చూసి నవ్వాడు. “ఇంటాయనా? బాగా చూసుకుంటాడే” అన్నాడు. నేనూ నవ్వాను.

పద్నాలుగేళ్ళ కాపురంలో జోయల్ నా మీద చెయ్యి ఎత్తలేదు. గొంతు కూడా పెంచలేదు. తాగడు. బడిలో లెక్కలు చెప్పి సాయంత్రం ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటాడు, ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరుస వరుసకీ తిరుగుతాడు. ఈ మనిషి గురించి ఎవరికైనా ఏమని చెప్పుకోను? ‘ఊరికే అడిగినా’ అన్నాడని చెప్పుకుంటే వినేవాళ్ళు నన్నే వింతగా చూస్తారు. అడగడం తప్పా అంటారు. తప్పు కాదు. కానీ ఆ ఫోను వచ్చిన ప్రతిసారీ, నేను ఏ తప్పూ చేయలేదని నాకు తెలిసినా, జవాబు మాత్రం తప్పు చేసినదానిలాగే చెబుతాను.

తిరుపతిలో ఈ ఆసుపత్రిలో నర్సుగా చేరినప్పుడు జీతం కోసం బ్యాంకు ఖాతా తెరవమన్నారు. అప్పటికి పెళ్ళయి ఆరు నెలలు. జోయల్ కూడా వచ్చాడు. ఫారం తనే తీసుకుని, ఫోను నంబరు గడిలో తన నంబరు రాశాడు. “నువ్వు డ్యూటీలో ఉంటే ఫోనెత్తవు. బ్యాంకోళ్ళ తలనొప్పి నీకెందుకు, నేను చూసుకుంటా” అన్నాడు. నాకు ఇరవై నాలుగేళ్ళు. అది ప్రేమ అనుకున్నాను. మా ఆయన నాకే ఇబ్బందీ లేకుండా అన్నీ చూసుకుంటాడని తోటి నర్సుల దగ్గర గొప్పగా కూడా చెప్పుకున్నాను. కొన్నేళ్ళకు ఆనించే రకం కార్డు వచ్చింది. దాని పిన్ నంబరు కూడా ఆయన ఫోనుకే వచ్చింది. “నీకెందుకా నంబరు? చిన్న చిన్నవాటికి ఆనిస్తే చాలు గదా, నంబరు అడగదు” అన్నాడు. నిజమే, అడగదు. నా తరఫున ఆయన అడుగుతాడు. నేను ఎక్కడ ఆనించినా, ఆ షాపు పేరుతో సహా ఆయన జేబులో ఫోను మోగుతుంది.

ఏటీఎంలో డబ్బు తీయాలంటే పిన్ కావాలి కాబట్టి నా జీతాన్ని నేను నోట్లుగా ఎప్పుడూ చూడలేదు. వారానికి ఐదు వందలు ఆటో ఖర్చులకని జోయల్ ఇస్తాడు. మా అత్త అది చూసినప్పుడల్లా, “మావోడు కాబట్టి ఉద్యోగం చేయనిచ్చి పైన చేతి ఖర్చు గూడా ఇస్తాండాడు” అంటుంది. బస్టాండు నుంచి ఆసుపత్రికి నడిచి, మిగిలిన పదీ ఇరవై ఒక కవరులో పెట్టి ఆసుపత్రిలో నా బీరువా అరలో దాచేదాన్ని. దేనికోసమో నాకే తెలియదు. ఎవరూ అడగని డబ్బు కొంచెం ఉండాలి, అంతే.

మొన్న డిసెంబరులో మా పాప తన స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతుంటే వంటింట్లోకి వినిపించింది. పదమూడేళ్ళది. “మా అమ్మ దగ్గర డబ్బులుండవే. నాయన్నే అడగాల” అంటోంది. అందులో ఫిర్యాదేమీ లేదు, మా ఇంట్లో కొళాయి ఎన్నింటికి వస్తుందో చెప్పినట్టు చెప్పింది. నేను పప్పు ఎనుపుతూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ తర్వాత రెండు నెలలకు కోమలి ఫోన్ చేసింది. నర్సింగు చదివేటప్పుడు నా గదిలో ఉండేది. ఇప్పుడు చిత్తూరులో ప్రభుత్వాసుపత్రిలో పని చేస్తోంది. “శనివారం రేణిగుంట రోడ్డులో పాటల పండగంట. మద్రాసు నించి, బెంగళూరు నించి వస్తాండారు. రెండు టికెట్లు తీసినా. రాకపోతే చూడు” అంది. హాస్టలు మెట్ల మీద కూర్చుని నేను పాడుతుంటే వార్డెన్ కూడా కిందికి దిగకుండా నిలబడి వినేదని ఇప్పటికీ అందరికీ చెబుతుంది కోమలి. పెళ్ళయ్యాక చర్చి గాయక బృందంలో రెండేళ్ళు పాడాను. పాప పుట్టాక సాధన నుంచి ఇంటికి రావడం లేటవుతోందని జోయల్, “అందరితో వరుసలో కూర్చోని పాడితే దేవుడికి వినపడదా?” అన్నాడు. అది కూడా మెల్లగానే అన్నాడు. నేను బృందం మానేశాను.

శనివారం మధ్యాహ్నం డ్యూటీ ఉందని ఇంట్లో అబద్ధం చెప్పాను. సెలవు పెట్టి, ఆసుపత్రికి వెళ్ళి, ఆరు వందలున్న కవరు బ్యాగులో వేసుకుని, డ్యూటీ బట్టలు మార్చుకుని బయల్దేరాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషిని. బస్సులో ఎవరైనా చర్చివాళ్ళు కనబడతారేమోనని కొంగు తల మీదికి లాక్కుని కూర్చున్నాను.

లోపల నోట్లు చెల్లవట. గేటు దగ్గరే చేతికి ఒక పట్టీ కడతారు. అందులో డబ్బు వేయించుకుంటే లోపల ఏ అంగడి దగ్గరైనా ఆ పట్టీ ఆనించి కొనుక్కోవచ్చు. డబ్బు వేయించుకోవడానికి రెండు కౌంటర్లు. కార్డులకూ ఫోన్లకూ ఉన్నచోట నీడ ఉంది, వరుస లేదు. నోట్లు తీసుకునే చోట నలభై మంది ఎండలో నిలబడి ఉన్నారు.

“కార్డుందిగా నీ దగ్గర, ఆనిచ్చేసి రా” అంది కోమలి.

“వద్దులే. నోట్లుండాయి.”

“ఈ ఎండలోనా? పోనీ నాదాంట్లోంచి వేస్తాలే.”

“వద్దన్నానా!” నా గొంతు నాకే గట్టిగా వినబడింది. కోమలి నా మొహంలోకి చూసింది. దానికి చాలా ఏళ్ళ కిందటే కొంత తెలుసు. మిగతాది అప్పుడు అర్థమైనట్టుంది. “సరే, లోపల చోటు పట్టుకోని ఉంటా” అని వెళ్ళిపోయింది.

వరుసలో చూస్తే ఎక్కువమంది ఆడవాళ్ళే. నా ముందు ఒక పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి. నేత చీర, మోచేతి దాకా పచ్చబొట్లు. తనే మాట కలిపింది. పేరు తిరుమలమ్మ, శ్రీకాళహస్తి పక్కన పల్లె. మనవరాలు మోహన బెంగళూరు బృందంలో పలకలు, అంటే డప్పులు, వాయిస్తుందట.

“జాతరలో మొగోళ్ళు వాయించే పలకలు, మా పిల్ల వాయిస్తాది. దానికేమన్నా కొనిపెడదామని వస్తి. ఈడేమో పట్టీ అంటాండారు” అంది.

మా ముందు ఇంకా పది మంది ఉండగా ఆవిడ జాకెట్లోంచి చిన్న సంచి తీసింది. దాని మూతి దారంతో చుట్టి, ఆ దారానికి మళ్ళీ ముడులు వేసి ఉంది. చేతులు వణికి ముడి రాలేదు. నేను విప్పిపెట్టాను. లోపల గుడ్డ, గుడ్డలో కాగితం, కాగితంలో నోట్లు.

“ఇంత భద్రంగా దాచినావే పెద్దమ్మా. దొంగల భయమా?” అన్నాను.

“దొంగలెవురు తల్లీ మా పల్లెలో! మా ఇంటాయన. నా కూలి డబ్బులు నా రొంటిన ఉండనిచ్చేవోడు గాదు. ఆయనకు తెలీకుండా ఇట్ట దాసేది నేర్సుకుంటి.”

“ఇప్పుడాయన…?”

“సచ్చిపోయి ఎనిమిదేండ్లాయె.” నోట్లు మడత విప్పుతూ ఆవిడ ఒక్క నిమిషం ఆగింది. “ఒంటి మనిషిని. ఇంట్లో నేను దప్ప ఎవురూ లేరు. అయినా కూలి డబ్బులు సేతికి రాంగానే ఇట్ట సుట్టి దాసేస్తా. ఎవురికి దాస్తాండానో నాకే తెలీదు సూడు.”

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నా బ్యాగులో కవరును బయటినుంచే తడిమాను. నేను దీన్నే కదా నా స్వేచ్ఛ అనుకుంటున్నాను? బస్టాండు నుంచి నడిచి నడిచి కూడబెట్టింది డబ్బు కాదు, భయం. రేపు నా కూతురు కూడా నడిచి పది రూపాయలు మిగుల్చుకుని, అదే తెలివి అనుకుంటుంది. ఎనభై ఏళ్ళు వచ్చినా, జోయల్ ఉన్నా లేకపోయినా, నేను ఏదో ఒక అరలో ఒక కవరు పెట్టుకుని తలుపు వైపు చూస్తూ ఉంటాను.

“ఏమ్మా, యాడికి పోతాండావు? వస్తాండాదే మన వంతు” అంటోంది తిరుమలమ్మ.

“ఆ పక్క కౌంటరుకు పోతా పెద్దమ్మా” అన్నాను.

నీడలో ఉన్న కౌంటరులో అమ్మాయి ఎంత వేయమంటారని అడిగింది. ఐదు వందలన్నాను. కార్డు ఆనించాను. యంత్రం కీచుమంది. అమ్మాయి నా చేతికి పట్టీ కట్టడం పూర్తికాకముందే ఫోను మోగింది.

“అమలా, కార్డు యాడుండాది? రేణిగుంట రోడ్డులో ఎవరో ఐదొందలు గీకినారు. నువ్వేం భయపడొద్దు, నేను బ్లాక్ చేస్తాండా.”

“బ్లాక్ చేయొద్దు. గీకింది నేనే.”



“డ్యూటీ అంటివే?”

“అబద్ధం చెప్పినా. పాటలు వినేదానికి వచ్చినా, కోమలితో.”

“అడిగింటే నేను వద్దంటానా, అమలా?” ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. “అడిగింటే నేనే తీసుకోని వచ్చిందును గదా.”

అడిగి ఉంటే. నిజానికి ఆ క్షణంలో క్షమించమని అనబోయాను, నాలుక చివర దాకా వచ్చింది. “అడగాలనిపించలేదు” అన్నాను. అని, ఫోను పెట్టేశాను. పెళ్ళయ్యాక నేను ముందు పెట్టేయడం అదే మొదలు.

మోహన పలకలు వాయిస్తున్నప్పుడు నేను ముందు వరుస దాకా పోయి నిలబడ్డాను. బక్కపలచని పిల్ల. మెడలోంచి వేలాడే పలకను రెండు పుల్లలతో కొడుతుంటే ఆ దెబ్బలు నా పక్కటెముకల్లో వినబడ్డాయి. చుట్టూ అందరూ పాడుతున్నారు. నేనూ గొంతు కలిపాను. పైస్థాయికి వెళ్ళేచోట గొంతు చీలింది, ఇన్నేళ్ళు మూసి ఉంచిన గొంతు. కోమలి నా భుజం పట్టుకుంది. అయినా పాడాను. ఆ మధ్యలో ఫోను మరో నాలుగుసార్లు మోగింది. ఆనందంగా ఉన్నానని చెప్పలేను. పాడుతున్నంతసేపూ ఇంటికి వెళ్ళాక ఏమవుతుందోనని ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి దీపాలు పెట్టారు. అత్త టీవీ ఆపేసి కూర్చుని ఉంది. పాప పుస్తకం మీద నుంచి తలెత్తలేదు. జోయల్ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

“నీ కోసం ప్రార్థన చేసినా” అన్నాడు. తర్వాత, “ఐదొందలకు ఏం తిన్న్యారు?” అన్నాడు.

నేను తిన్నదీ తాగినదీ నాకు గుర్తున్నాయి. అందులో దాచాల్సింది ఒక్కటీ లేదు. పట్టీలోంచి చేసిన ఖర్చు మాత్రం ఎవరి ఫోనుకూ రాదు. అది నేను చెబితేనే తెలుస్తుంది.

“చెప్పను” అన్నాను.

“దాచేదేముండాది అందులో?”

“ఏమీ లేదు. అయినా చెప్పను.”

“చూస్తివా రా!” అంది అత్త. “అంతా ఉద్యోగం ఇచ్చిన పొగరు.”

జోయల్ ఆవిణ్ణి చేత్తో వారించి, నా వైపు చెయ్యి చాపాడు. “కార్డు కొన్ని దినాలు నా దగ్గరుండనీ. నీకు కావాలంటే నేనియ్యనా?”

ఇచ్చేశాను. పాప ఇప్పుడు తలెత్తి చూస్తోంది. దాని కళ్ళలో నాకు కనబడింది భయమో, నా మీద జాలో పోల్చుకోలేకపోయాను. ఆ చూపుతోనే ఆదివారమంతా గడిచింది.

సోమవారం డ్యూటీకి ముందు బ్యాంకుకు వెళ్ళాను. పాసుపుస్తకం జోయల్ బీరువాలో ఉంటుంది, తాళంచెవి ఆయన దగ్గరే. ఆధార్ కార్డు, ఆసుపత్రి గుర్తింపు కార్డు తీసుకుపోయాను. కౌంటరులో నా వయసు ఆవిడే ఉంది. ఫారం ఇచ్చింది. ఫోను నంబరు గడిలో నా నంబరు రాశాను. పది అంకెలు ఎన్నోసార్లు ఎందరికో చెప్పినవే, అయినా ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. కొత్త కార్డు, కొత్త పిన్ కూడా కావాలని రాశాను.

ఆవిడ ఫారం చూసి, కంప్యూటరు చూసి, నన్ను చూసింది. “పాత నంబరు సార్‌దా? ఒకసారి సార్‌ని గూడా తీసుకోని రాకూడదా?”

“ఖాతా ఎవరి పేరు మీదుండాది మేడమ్?”

“మీ పేరే.” కొంచెం ఇబ్బందిగా కుర్చీలో సర్దుకుంది. నా వేలిముద్ర తీసుకుంది, సంతకం సరిచూసింది, ఏవో నాలుగు మీటలు నొక్కింది. ఆఖరి మీట మీద వేలు ఆపి గొంతు తగ్గించింది. “మార్చేముందు పాత నంబరుకు ఒక మెసేజ్ పోతాదమ్మా, నంబరు మారుతాండాదని. ఆయన వెంటనే చూస్తారు. ఇంట్లో చెప్పినారా?”

“లేదు.”

గోడ గడియారంలో పదకొండున్నర. జోయల్ తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతూ ఉంటాడు. ఫోను బల్ల మీద, అద్దం పైకి పెట్టి ఉంటుంది.

“మరి పంపించేదా?”

“పంపించండి” అన్నాను.