పనికి వెళ్ళని ఆడవాళ్ళు

వంకాయలు తరుగుతూ స్తుతి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. పీహెచ్‌డీ గైడుగారు ఫోన్ చేసినప్పుడు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మాట్లాడాలని ఎన్నిసార్లు అనుకుందో. కానీ ఆయనెప్పుడూ పొద్దున పూటే చేస్తారు. ఆ వేళకి పొయ్యి మీద పాలుంటాయి, కూతురు మహిమకి ఒక జడ వేసి ఇంకోటి సగంలో ఉంటుంది, బయట స్కూలు ఆటోవాడు హారన్ కొడుతూ ఉంటాడు.

"కంట్రోల్స్‌లో కూడా పురుగుమందు ఎలా వచ్చిందమ్మా?" అన్నారు లక్ష్మీనరసింహం గారు.

"అదే అర్థం కావట్లేదు సార్."

ఇంతలో కుక్కరు కూత పెట్టింది. అవతల ఆయన, నొప్పించకుండా మాట్లాడే మనిషి కాబట్టి మెత్తగానే అన్నారు. "చూడండమ్మా, మీరు కష్టపడతారు, కాదనను. కానీ ఇల్లూ పిల్లా కాలేజీ ఇన్ని నెత్తిన పెట్టుకుంటే చెయ్యి ఎక్కడో జారుతుంది. మీవాళ్ళలో ఇంతదాకా వచ్చినవాళ్ళే తక్కువ. ఇక్కడ పాడు చేసుకోవద్దు."

మీవాళ్ళంటే ఆడవాళ్ళనా, పర్చూరు పల్లె నుంచి వచ్చినవాళ్ళనా, చర్చికి వెళ్ళేవాళ్ళనా అన్నది స్తుతికి తేలలేదు. అడగనూ లేదు. "సరే సార్" అని పెట్టేసింది.

ఆమె చీరాల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పీహెచ్‌డీ గుంటూరులో, సెలవు దొరికిన రోజుల్లో. మిర్చి కోతలకీ పత్తితీతలకీ వెళ్ళే ఆడవాళ్ళ ఒంట్లోకి పురుగుమందు ఎంత చేరుతోందో వాళ్ళ మూత్రం పరీక్షించి చెప్పాలి. అది ఎక్కువో తక్కువో తెలియాలంటే పోల్చి చూడడానికి ఇంకో గుంపు కావాలి. అందుకని అవే ఊళ్ళల్లో పొలం గట్టు ఎక్కని ఆడవాళ్ళ దగ్గరా శాంపిల్స్ తీసుకుంది. ఆ గుంపునే కంట్రోల్ గ్రూపంటారు. కాగితాల్లో దాని పేరు 'పనికి వెళ్ళని ఆడవాళ్ళు' అని ఆమే పెట్టింది. వాళ్ళల్లో మందు ఉండకూడదు, ఉన్నా ఏదో ఉండీ లేనట్టు ఉండాలి. తీరా చూస్తే కూలీలకి ఉన్నంత కొందరు ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళకీ ఉంది. ఒకరిద్దరికి ఇంకా ఎక్కువే ఉంది. ఒక శాంపిల్ తక్కువ పడిందని స్తుతి తనదే ఇచ్చింది. ఆ ఎక్కువ వచ్చినవాటిలో అదొకటి.

ఈ సంగతి ఇంట్లో చెప్తే భర్త బెన్నీ అన్నం కలుపుకుంటూ నవ్వాడు. "మీ ల్యాబ్‌లోనే ఏదో కలిసిపోయుంటది. లేకపోతే నీకెందుకొస్తది? నువ్వెప్పుడన్నా మందు కొట్టే పంపు భుజానేసుకున్నావా?" అతను ఒక పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. రైతుల్ని కూడేసి, మందు కలిపి, కొట్టి చూపించడం అతని పని. అతనికి తెలియని మందు ఈ చుట్టుపక్కల లేదు. అతనంత ధీమాగా అంటే నిజమేనేమో అనిపించింది స్తుతికి.

అక్కణ్ణుంచి ఆమెకి తన చేతుల మీదే అనుమానం. సీసా మూత చున్నీతో తుడిచానా? బస్సులో ఐస్‌ పెట్టె పక్కన ఎవరిదన్నా మిరపకాయల బస్తా ఉందా? ఆ రోజు మహిమకి జ్వరం, మనసంతా ఇంటి దగ్గరే ఉంది, అప్పుడేమన్నా ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పోశానా? కూరలో ఉప్పు ఎక్కువైతే, పిల్ల చిక్కితే, చుట్టాల ముందు టీ చల్లారితే ముందు తన చేతుల్నే తప్పు పట్టుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అదే అలవాటుతో గాజుసామాన్లన్నీ మళ్ళీ కడిగింది. ఉత్త నీళ్ళు సీసాల్లో పోసి శాంపిల్స్‌తో పాటు మిషనులో పెట్టింది. ఉత్త నీళ్ళు ఉత్త నీళ్ళుగానే వచ్చాయి. శాంపిల్స్‌లో మందు మందుగానే ఉంది. ఇంటి కుళాయి నీళ్ళు చూసింది, తోటకూర చూసింది. ఆ నీళ్ళే బెన్నీ తాగుతున్నాడు, ఆ కూరే మహిమ తింటోంది. వాటిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. మరి నాకెక్కణ్ణుంచి వచ్చింది? బస్సు కిటికీ పక్కన కూర్చుని ఇదే ఆలోచన. పొద్దున లేస్తే వంట, బాక్సులు, పిల్ల, బెన్నీ బట్టలు, అంట్లు, చీరాల బస్సు, పాఠాలు, మళ్ళీ బస్సు, మళ్ళీ వంట. ఇందులో పొలమేది? ఎక్కడా పొలం తగల్లేదు.

ఏమీ తోచక మళ్ళీ శాంపిల్ అడుగుదామని జాన్‌బీ ఇంటికి వెళ్ళింది. జాన్‌బీ జాకెట్లు కుట్టుకునే మనిషి, పొలం వైపు వెళ్ళదు. అందరిలోకీ ఎక్కువ వచ్చింది ఆమెకే. ఊళ్ళోకి అడుగు పెడుతూనే కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటు గొంతులో పట్టుకుంది. దగ్గుకుంటూ లోపలికెళ్ళేసరికి జాన్‌బీ నీళ్ళ పంపు దగ్గర తొట్టి ముందు కూర్చుని ఉంది.

"మళ్ళీ ఏంది మేడం? మొన్న ఇచ్చాగా!"

"ఇంకోసారి కావాలమ్మా. ఈమధ్య మిరప తోటలోకేమన్నా వెళ్ళావా?"

"నేనెందుకు పోతా? మిషను కుట్టుకునేదానికి తోటలో ఏం పని? ఉండండి, ఈ బట్టలు పిండేసి వస్తా."

తొట్టిలో నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. జాన్‌బీ భర్త ఇమాం హుస్సేన్ కూలికి మందు కొడతాడు. అందులో నానుతున్నవి అతని చొక్కా, లుంగీ, తలకి కట్టుకునే తువ్వాలు. వాటి వాసన స్తుతికి తెలుసు. అయితే అది ల్యాబ్‌లో తెలిసిన వాసన కాదు. తన బాత్‌రూమ్‌లో మూలన బెన్నీ బట్టలుండే బకెట్ వాసన.

నీళ్ళల్లోంచి జాన్‌బీ నీలం రంగు రబ్బరు గ్లౌజులు పైకి తీసి, లోపలి వైపు బయటికి తిప్పి, వాటినీ సబ్బు పెట్టి తోముతోంది.

"అవెక్కడివి?"

"కంపెనీ వాళ్ళిచ్చారు. మీటింగ్ పెట్టి మందు కొట్టే మగాళ్ళందరికీ పంచారు. చేతులకి మందు తగలకూడదంట."

"మరి నువ్వు వేసుకుని ఉతకొచ్చుగా?"

జాన్‌బీకి నవ్వొచ్చింది. "భలేవారే. ఇవి ఆయనయ్యి. నేనేసుకుంటే చిరిగిపోవూ? రోజూ ఉతికి ఆరేసి ఇస్తన్నా."

ఆ మీటింగ్ పెట్టింది బెన్నీయే. గ్లౌజులు పంచుతున్న ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటే స్తుతి దానికి దణ్ణం బొమ్మ కూడా పంపింది.

ఇంటికెళ్ళే ఆటోలోనే మిగతావాళ్ళకి ఫోన్లు మొదలుపెట్టింది. 'మీ ఇంట్లో మందు కొట్టేవాళ్ళున్నారా? వాళ్ళ బట్టలు ఎవరు ఉతుకుతారు?' రెండే ప్రశ్నలు. పాస్టరుగారి భార్యకి తక్కువ వచ్చింది, వాళ్ళింట్లో పంపు పట్టే మనిషి లేడు. బడి పంతులమ్మకీ అంతే. ఎక్కువ వచ్చినవాళ్ళందరిదీ ఒకటే జవాబు. "నేనే ఉతుకుతా, ఇంకెవరుతుకుతారు?" అదేం ప్రశ్నన్నట్టు కొందరు నవ్వారు కూడా.

ఆ ప్రశ్న తను మొదట్లోనే ఎందుకు అడగలేదు? స్తుతికి అన్నిటికంటే అదే మింగుడు పడలేదు. మందు ఇంటికి బట్టల మీద వస్తుందని విదేశాల వాళ్ళు రాసిన వ్యాసాలు ఆమె చదవకపోలేదు. పొలానికి వెళ్తారా, పొలం పక్కన ఇల్లుందా, బావి నీళ్ళు తాగుతారా, ఎన్ని అడిగింది! రోజూ పొద్దున్నే బెన్నీ ప్యాంట్లు బండ మీద బ్రష్షుతో తోమి, ఆ చేతులే కడుక్కుని, వచ్చి ఆ ప్రశ్నలు రాసింది. మొదట్లో వాషింగ్ మెషిన్‌లో వేయబోతే అత్తగారు ఆదెమ్మ ఆపింది. "అందులో వెయ్యమాకమ్మా, పిల్ల గౌన్లకి అంటుద్ది. చేత్తో ఉతుకు." పిల్ల గౌన్లకి అంటుతుందని అందరికీ తెలుసు. ఉతికే చేతులకి అంటుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. కెమిస్ట్రీ చదివిన తనకీ తోచలేదు.

అప్పుడే ఇంకోటి గుర్తొచ్చింది. పోయిన ఏడు నాలుగో నెలలో పోయిన కడుపు. బస్సుల్లో తిరిగినందుకని ఆదెమ్మ అంది. చదువు టెన్షనని బెన్నీ అన్నాడు. తనూ అవుననుకుని ఏడ్చి ఊరుకుంది. ఇప్పుడు ఆ బకెట్టే కారణమా? అలాగని చెప్పడానికి తన దగ్గర ఏ ఆధారమూ లేదు. కాదని చెప్పడానికీ లేదు. తన స్టూడెంట్ ఎవరన్నా ఇలా ఒకదానికొకటి ముడిపెడితే ఎర్ర పెన్నుతో కొట్టేసేది. తన కడుపుని ఏ పెన్నుతో కొట్టెయ్యాలో ఆమెకి తెలియలేదు.

గుంటూరు వెళ్ళి అంతా చెప్పింది. లక్ష్మీనరసింహం గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"బాగుందమ్మా. ఆసక్తికరమైన విషయమే. కానీ అది వేరే స్టడీ అవుతుంది. మీరు సబ్మిషన్ దగ్గర ఉన్నారు. ఈ శాంపిల్స్ తీసేసి, మన హాస్టల్ అమ్మాయిల దగ్గర తీసుకోండి. నీట్‌గా ఉంటుంది. పైగా మీవారు కంపెనీలో ఉన్నారు, మీ శాంపిలే అందులో ఉంది. రేపు ఎవరన్నా వేలెత్తి చూపిస్తే?"

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే ఇబ్బంది. "ఆలోచించి చెప్తాను సార్" అని వచ్చేసింది.

ఆ సాయంత్రం బెన్నీ ఫీల్డు నుంచి వచ్చి, ఎప్పటిలాగే బట్టలు విప్పి బాత్‌రూమ్ మూలన పడేసి, స్నానం చేసి వచ్చాడు. స్తుతి టీ ఇచ్చి మెల్లిగా చెప్పింది. జాన్‌బీ తొట్టి, గ్లౌజులు, తన శాంపిలు, అన్నీ. కడుపు సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

బెన్నీ మొహం మాడిపోయింది. "అంటే ఏంటి? నేను నీకు విషం పెడుతున్నానంటావా?"

"నేనలా అన్లేదండీ."

"ఇంకెలా? ఇది బయటికొస్తే కంపెనీలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఎవరి కోసం తిరుగుతున్నా ఆ ఎండలో?"

అతని కళ్ళల్లో కోపం కంటే భయం ఎక్కువ కనిపించింది. స్తుతికి జాలేసింది. ఆ జాలి మీద తనకే ఒళ్ళు మండింది. అంతలో బెన్నీ, పోట్లాట తెంచేసే మనిషిలా, ఎంతో సులువైన దారి దొరికినట్టు అన్నాడు.

"సరే. నీకంత భయమైతే రేపట్నుంచి నా బట్టలు అమ్మ ఉతుకుద్దిలే."

వసారాలో చిక్కుళ్ళు వలుస్తున్న ఆదెమ్మ ఆ మాట విని, "అట్నే, ఉతుకుతాలే, దానిదేముంది" అంటూ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. లేచి బాత్‌రూమ్ వైపు నడుస్తోంది కూడా.

"అత్తయ్యా, ఆగండి." స్తుతి గొంతు తనకే కొత్తగా వినిపించింది. బెన్నీ వైపు తిరిగింది. "మీ దగ్గర గ్లౌజులున్నాయిగా. వేసుకుని మీరే ఉతుక్కోండి."

బెన్నీ టీ గ్లాసు అక్కడే పెట్టేసి బండి తీసుకుని బయటికెళ్ళిపోయాడు. బట్టలు మూలనే ఉన్నాయి. తప్పు చేశానా, ఇల్లు చెడగొట్టుకుంటున్నానా అని స్తుతి చాలాసేపు మెట్టు మీద కూర్చుంది. గెలిచినట్టు ఏమీ లేదు. మర్నాడూ అతను మాట్లాడలేదు. ఆదివారం ఆరాధన అయ్యి వచ్చాక, ఎవరినీ చూడకుండా, పెరట్లో బకెట్ పెట్టుకుని ఉతకడం మొదలుపెట్టాడు. సబ్బు ఎంత వెయ్యాలో తెలియక నురగంతా కాళ్ళ మీదికి పొంగించుకున్నాడు.

ఆదెమ్మ కొడుకుని అలా చూడలేక వచ్చి స్తుతి పక్కన కూర్చుంది. తిట్టడానికే వచ్చిందనుకుంది స్తుతి. ఆమె తిట్టలేదు. రెండు చేతులూ చాపి ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"మీ మావయ్య పోయిందాకా పొగాకుకీ పత్తికీ మందు కొట్టే పనేగా. ఆ బట్టలన్నీ ఈ చేతుల్తోనే ఉతికా. ఇప్పుడిట్టా వణికేది అందుకేనంటావా?"

"వయసనే అన్నారుగా డాక్టరు."

"ఆయన నా వయసే అడిగాడు. ఏం చేసేదానివని అడగలా. నువ్వేమంటావు?"

"తెలియదత్తయ్యా."

"డాక్టరేట్ చదువుతున్నావంటగా. నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుసుద్ది?"

ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతోంది. కోడలయ్యి వచ్చాక ఆమె స్తుతి చదువు గురించి ప్రశ్న అడగడం అదే మొదటిసారి. స్తుతి ఆ వణికే చెయ్యి పట్టుకుంది. తనకి తెలియనివన్నీ, కడుపు సంగతితో సహా, ఒక్కసారే మీద పడ్డాయి. వాటిలో ఒక్కటైనా తేలాలంటే ఎవరో ఒకరు కూర్చుని మొదటి నుంచీ అడగాలి.

ఆమె లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆదివారమని కూడా చూడకుండా గైడుగారికి ఫోన్ చేసింది.

"చెప్పండమ్మా, హాస్టల్లో శాంపిల్స్ ఎప్పుడు మొదలుపెడదాం?"

"హాస్టల్ వద్దు సార్. ఆ శాంపిల్స్ ఒక్కటి కూడా తీసెయ్యను. ఆలస్యమైతే కానివ్వండి, బట్టలుతికే వాళ్ళని వేరే గుంపుగా పెట్టి మళ్ళీ మొదటి నుంచీ చేస్తాను."

"అంటే మీరు చేసినదాంట్లో తప్పేమీ లేదంటారా?"

"ఉంది సార్. వాళ్ళు పనికి వెళ్ళరని రాశాను."