రోడ్డుకు ముఖం, ఎండకు వీపు

నేను ఒక సోలార్ ప్యానెల్‌ని. అయ్యో పాపం అనకండి. ఆ జాలేదో నన్ను కొన్నవాళ్ల తెలివి మీద చూపించండి.

ఫ్యాక్టరీలో నన్ను అల్యూమినియం చట్రంలో బిగించి, వీపున ఒక చీటీ అంటించారు: దక్షిణం వైపు తిప్పి పెట్టవలెను. మా జాతి మొత్తానికీ ఉన్న చదువు ఆ ఒక్క ముక్కే. నాకు అర్థమైంది కనుక మనుషులకూ అర్థమవుతుందనుకున్నాను. అది నా పసితనం.

నన్ను కొన్న మునిసిపాలిటీవారు అప్పట్లో తమ భవనాలన్నిటికీ హరిత ప్రమాణాలు రాసుకుంటున్నారు. నమూనా కోసం నన్ను మీటింగు హాల్లో గోడకు ఆనించారు. మిట్టమధ్యాహ్నం తెరలు దించి, లైట్లన్నీ వేసి, ఏసీ చలికి సన్మానం శాలువాలు కప్పుకుని, ఆ పెద్దమనుషులు కరెంటు పొదుపు గురించి చర్చించారు. చివరికి ఒక కౌన్సిలర్ లేచాడు.

"ఇంత ఖర్చుపెట్టి పెడతన్నాం, జనానికి కనపడకపోతే ఎట్టాగండీ?"

చప్పట్లు మోగాయి. సోలార్ ప్యానెల్ మెయిన్ రోడ్డుకు కనబడి తీరాలని ప్రమాణం రాసేశారు. ఇంజనీరింగ్ చదివిన డీఈ కుటుంబరావు కిందికి చూస్తూ సంతకం పెట్టాడు.

నన్ను పట్టణ ఆరోగ్య కేంద్రం డాబా ఎక్కించారు. దాని రోడ్డు ఉత్తరాన ఉంది. అంచేత నన్ను ఉత్తరం వైపు, సినిమా హోర్డింగులా నిటారుగా బిగించారు. కార్తీకానికి సూర్యుడు దక్షిణానికి జరిగాడు. ఎండంతా నా వీపుకు తగిలేది. కింద గదిలో టీకాల ఫ్రిజ్ ఉంది. కరెంటు పోతే నేను నింపే బ్యాటరీలే దానికి దిక్కు. నింపితే కదా!

ఆ ఫ్రిజ్ నర్సు ఎస్తేరమ్మ బాధ్యత. తనిఖీకి వచ్చిన కుటుంబరావును ఆవిడ పట్టుబట్టి డాబా మీదకు తీసుకొచ్చింది.

"సార్, బ్యాటరీలు సగం కూడా ఎక్కట్లేదండి. దీన్ని కాస్త అటు తిప్పించండి. కరెంటు పోయిందంటే టీకాలన్నీ పాడైపోతాయండి."

"నాకు తెలీదేంటమ్మా? అటు తిప్పితే రోడ్డుకి వీపు కనపడుద్ది. వచ్చే నెల్లో హరిత భవనం అవార్డు వాళ్లు వస్తన్నారు. వాళ్లు వచ్చెళ్లాక చూద్దాం."

తెలియక చేసినవాణ్ణయితే క్షమించేదాన్ని. వీడికి తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నవాడంటే నాకు ఒళ్లుమంట.

ఆ వారమే లారీ గుద్ది కరెంటు స్తంభం కూలింది. రోజంతా ఎండ విరగకాసింది, నా వీపు మీద. బ్యాటరీలు పూట గడవకముందే చేతులెత్తేశాయి. మర్నాడు టీకాల రోజు. ఎస్తేరమ్మ వేడెక్కిన సీసాలన్నీ పక్కన పడేసి వాకిట్లోకి వచ్చింది. అక్కడ ఇటుక బట్టీ కూలి సింహాచలం, ఒళ్లో చంటి ఆడపిల్లతో కూర్చుని ఉంది. పొద్దున్నే బయల్దేరి నడిచొచ్చిన మనిషి.

"తట్టు సూది ఇయ్యాల లేదమ్మా. మళ్లీ వారం రా. తప్పకుండా రావాలి."

"కూలి పోతాదమ్మా. అయినా వస్తాను."

మళ్లీ వారం సూదులు వచ్చాయి గానీ సింహాచలం రాలేదు. ఎస్తేరమ్మ బట్టీ దాకా వెళ్లి వచ్చింది. మేస్త్రీ ఆ కూలీలను వేరే ఊరికి తోలుకుపోయాడట. ఏ ఊరో చెప్పేవాళ్లు లేరు.

అవార్డు వాళ్లు మాత్రం చెప్పిన రోజుకే వచ్చారు. కారు దిగలేదు. అద్దం దించి, రోడ్డు మీంచే నన్ను చూసి "బ్రహ్మాండం" అన్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కుటుంబరావుకు ఇంకో శాలువా దక్కింది. ఎస్తేరమ్మ పాత మాట గుర్తు చేస్తే, ఇప్పుడు తిప్పితే ఇచ్చిన అవార్డు పోతుందన్నాడు. దానికి బదులు డీజిల్ జనరేటర్ కొని, రోడ్డుకు కనబడకుండా భవనం వెనక పెట్టించాడు. కరెంటు పోయినప్పుడల్లా దాని మసి వచ్చి నా మీద పడుతోంది. హరిత భవనం కదా, ఎవరైనా చూడవస్తున్నారంటే ముందు నా ముఖం కడిగిస్తారు.

ఎస్తేరమ్మ మాత్రం ఏ బట్టీ కూలి వచ్చినా వాకిట్లోనే ఆపి అడుగుతుంది.

"సింహాచలమని, చంటి ఆడపిల్ల తల్లి, మీ వైపు గానీ ఉందా?"

ఇంతవరకూ ఎవరూ ఉందనలేదు. ఫ్రిజ్ ఇప్పుడు చల్లగానే ఉంది. సూదీ ఉంది. వేయించుకోవలసిన పిల్లే రాలేదు.