రెండు సెకన్ల గడువు

అక్క సంచి సర్దుతోంది. ఉన్ని బనియన్లు రెండు, మేజోళ్ళు నాలుగు జతలు, జ్వరం మాత్రలు. తమ్ముడు వాటిలో సగం తీసి మంచం మీద పడేస్తున్నాడు.

"ఆరు రోజుల సర్వేకి ఇల్లంతా మోసుకెళ్ళనా? ఈ బరువుతో కొండెక్కితే గాడిద కూడా నన్ను చూసి జాలిపడుతుంది."

"పడదా మరి, నీ చుట్టమేగా!" తీసినవన్నీ మళ్ళీ కుక్కింది అక్క. "ఫోన్‌లో మా ఎమర్జెన్సీ బటన్ ఉందా?"

"ఉంది తల్లీ. కాలు జారితే నొక్కుతా. మీ సర్వర్లు నిద్ర లేచేలోపు నడిచి ఇంటికొచ్చేస్తా."

ఆ మాట అక్కకు చురుక్కుమంది. ఆ బటన్ నొక్కితే రక్షణ దళానికి కబురు చేర్చే సర్వర్ల వేగం కొలవడమే ఆమె ఉద్యోగం. ఊళ్ళ కబుర్లు అర సెకనులో చేరతాయి. కొండల కబుర్లు మాత్రం పాత సర్వర్ దగ్గర వరసలో నిలబడి నలభై సెకన్లు తీసుకుంటాయి. వందకు ఒకటో రెండో అలాంటివి. అన్ని కబుర్ల సగటు సమయాన్ని పాడుచేసేవి అవే.

మంగళవారం సర్వర్ల వేగం మీద తనిఖీ. సోమవారం తమ్ముణ్ణి సాగనంపి ఆఫీసుకు వెళ్ళిన అక్క మేనేజర్‌తో, పాత సర్వర్ మార్చడానికి మూడు వారాలు కావాలంది.

"రెండు సెకన్లు గడువు పెట్టి, అది దాటిన కబురును తెంచెయ్యమ్మా. తెగినవి సగటులోకి రావుగా."

"రోగిని వీధిలోకి గెంటి రోగం కుదిరిందన్నట్టుంది సార్. ఆలస్యమైనా ఇప్పుడవి చేరుతున్నాయి."

"ఫోన్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుందిలే. నీ వల్ల కాదంటే చెప్పు, పక్క సీటాయన చేస్తాడు."

పక్క సీటాయన అప్పుడే తలెత్తాడు. అక్క రెండు సెకన్ల గడువు పెట్టేసింది. తనిఖీ కాగానే తీసేద్దాం అనుకుంది.

మర్నాడు సగటు అర సెకనుకు దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక గడువు తీసేస్తానంటే మేనేజర్ ససేమిరా అన్నాడు. "ఇంత చక్కని అంకెను చేతులారా చంపుకుంటామా?"

తమ్ముడికి మెసేజ్ పెడదామని ఫోన్ తీసింది. ఏమని పెడుతుంది? బటన్ పనిచెయ్యకుండా చేసింది తనేననా? శనివారం వచ్చేస్తాడుగా అని లోపల పెట్టేసింది.

గురువారం ఉదయం పాత సర్వర్ రికార్డు తెరిచింది. ఒకే ఫోన్ నుంచి రెండు వందల పదకొండు పిలుపులు. ప్రతిదీ రెండు సెకన్లకే తెగడం, నిమిషం ఆగి మళ్ళీ వరస చివర నిలబడటం. ఆ నంబరు ఆమెకు కంఠస్థం.

ఆమె కేక విని మేనేజర్ పరుగున వచ్చాడు. తెర చూశాడు.

"సగటు కదల్లేదుగా?" అన్నాడు.

అక్క తానే దళానికి ఫోన్ చేసింది. వాళ్ళు లోయలోకి దిగేసరికి ఒళ్ళు చల్లబడిపోయి ఉంది. మొదటి పిలుపు బుధవారం మధ్యాహ్నం మూడు ఇరవైకి, చివరిది ఆరున్నరకు.

శనివారం ఇంటికి రావలసిన తమ్ముడు రాలేదు. బుధవారం సాయంత్రమే పోయాడు.