ఎదురు పందెం

ఎన్నికల పందేల్లో పోటీలో ఉన్న తమ మనిషికి ఎదురు కాయడం ఆ పేటలో ఎవరూ చెయ్యరు. ఓడిపోతాడని లోపల అనిపించినా, కాస్తే అతని మీదే కాయాలి, లేదంటే ఊరుకోవాలి. హైస్కూలు మాస్టారు ఇమ్మానుయేలు ఊరుకోలేదు. మామిడికుదురు దగ్గరి అరెకరం కొబ్బరితోటలో ఇల్లు కట్టుకోవాలని భార్యాభర్తలు కూడబెట్టిన సొమ్ములో సగం, పోలింగ్ అయిన మర్నాడే తీసుకెళ్లి తమ మనిషి మీద, రూపాయికి రూపాయి లెక్కన, కాసి వచ్చాడు.

భార్య శాంతి పోలింగ్ క్యూలో ఆడవాళ్ల మాటలు విన్నది. పేటవాళ్లే అవతలి మనిషి వైపు మొగ్గారని ఆమెకి అర్థమైంది. కొంత అటు కూడా కాస్తే ఏది వచ్చినా ఇంటి సొమ్ము నిలుస్తుంది కదా అంది. ఆయన చూసిన చూపుకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎత్తకుండానే, బండారులంకలో ఉన్న అక్క భర్త దానం గారికి తన గొలుసు ఇచ్చింది. ఆయన దాన్ని కుదువపెట్టి, తెలిసినవాడొకడి చేత అటు కాయించాడు. ఎవరి సొమ్మని అడిగితే వాడు మనిషి పేరు చెప్పలేదు గానీ పేట పేరు చెప్పేశాడు.

అడిగింది మలికిపురం కొబ్బరి వ్యాపారి సత్యదుర్గారావు. రెండు వైపుల సొమ్మూ తన దగ్గరే ఉంచుకుని, గెలిచినవాడి దగ్గర కమీషను పుచ్చుకునే మధ్యవర్తి. ఎవరు గెలిచినా ఆయనకొకటే, పందేలు పెరిగితే చాలు. శాంతి కాసింది చిన్న సొమ్మే. కానీ సొంత పేటవాళ్లే అటు కాశారన్న కబురు సాయంత్రానికి అమలాపురం దాకా పాకింది. తెల్లారేసరికి పేటవాళ్ల మనిషి మీద కాసేవారికి, గెలిస్తే ఒకటికి రెండు ఇస్తామన్నారు.

ఇమ్మానుయేలు హుషారుగా ఇంటికొచ్చాడు.

"ఎవడో మన పేటోడే దొంగచాటుగా అటు కాసేడంట శాంతీ. అందుకే రేటిలాగైంది. ఇంత చౌకగా మళ్లీ దొరకదు. తోట పెట్టేస్తాను."

"వద్దండీ."

"నేనిప్పుడు తగ్గితే, ఆ కాసింది నేనే అనుకుంటారు."

నిజం చెబితే ఆగుతాడనుకుంది. "కాసింది నేనేనండీ. దానం బావగారి చేత."

ఆయన అరవలేదు. కుర్చీలో కూర్చున్నాడు. ఇంకెవరికి తెలుసని అడిగాడు. అక్కకీ బావగారికీ తప్ప తెలియదంది. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"ఎప్పుడో బయటపడుద్ది. అప్పటికి నా తోట మనోడి మీద ఉండాలి. లేకపోతే ఈ పేటలో నేను తలెత్తుకోలేను."

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో శాంతీ," అన్నాడు మెల్లగా. ఆమె తప్పుకుంది.

లెక్కింపు రోజు మధ్యాహ్నానికే ఓటమి తేలిపోయింది. నెల తిరగకుండా తోట పందెం గెలిచినవాళ్ల పేరున రిజిస్ట్రేషన్ అయింది. శాంతి గెలిచిన సొమ్ము, కమీషను పోగా మిగిలింది, అక్క బీరువాలోనే ఉండిపోయింది. ఇంటికి తెస్తే ఎక్కడిదని అడుగుతారు.

పేటలో మాత్రం మాస్టారికి గౌరవం పెరిగింది. ఆదివారం గుడిలో మగవాళ్లు జరిగి ఆయనకి ముందు వరసలో చోటిచ్చారు. ఆడవాళ్ల వైపు చాప మీద, పక్కింటి సువార్తమ్మ శాంతి చెవి దగ్గరికి వంగింది.

"తోట పోయినా మాస్టారు మాట మీద నిలబడ్డారండీ. ఇంతకీ ఆ అటు కాసినోడెవడో తెలిసిందాండీ?"

"లేదండీ."

"వాడివల్లేనండీ మీ తోట పోయింది. దొరికితే మాత్రం ఊరుకోకూడదు."

పాస్టరుగారు ప్రార్థనకి లేవమన్నారు.

"ఆయ్," అంది శాంతి, లేస్తూ.