మత్తులో పిలిచిన పేరు

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మూడోరోజు పొద్దున్న అత్తగారు మంగాయమ్మ కాఫీ కలిపి మంచం దగ్గరికే తెచ్చి ఇచ్చింది. పైగా, "పంచదార సరిపోయిందా అమ్మా?" అని అడిగింది. పదకొండేళ్ళ కాపురంలో కామేశ్వరికి అలాంటి ప్రశ్న ఎదురవడం అదే మొదలు. అపెండిసైటిస్ ఆపరేషన్‌కి ఇంత మహిమ ఉందని తెలిస్తే ఎప్పుడో చేయించుకునేదాన్ని కదా అనుకుంది.

పోర్టులో గుమాస్తా అయిన మొగుడు గురునాథరావు వరస ఇంకా విచిత్రం. తన క్యారేజీ తనే కట్టుకుంటున్నాడు. వంటింట్లో తన చేతిలోంచి గిన్నె జారిపడితే ఆమె గది గుమ్మం దాకా వచ్చి మరీ సారీ చెప్పాడు.

ఆపరేషన్ మత్తులో తను ఏదో అందట. ఏమందో ఎవరూ చెప్పరు. అడిగితే అత్తగారు చెంపలేసుకుంటుంది, ఆయన "ఇప్పుడవన్నీ ఎందుకులే" అని పేపరు అడ్డం పెట్టుకుంటాడు. కామేశ్వరికి భయం వేసింది. ఆ భయం అడుగున కాస్త ఆశ కూడా లేకపోలేదు. మనకి తెలిసిన మనసు కింద తెలియని మనసు ఇంకోటుంటుందని, అణిచిపెట్టినవన్నీ వెళ్ళి అందులో చేరతాయని బి.ఏ. సైకాలజీ పరీక్షలో నాలుగు పేజీలు రాసిన మనిషి. పెళ్ళైన కొత్తలో ఆయన హార్బరులో ఒక ఓడని చూపించాడు. సరుకు దించేకొద్దీ అది పైకి తేలుతూ, అంతవరకూ నీళ్ళలో ఉన్న ఎర్రరంగు బయటపడుతోంది. "అంత ఉందా కింద!" అంటే, "మరేమనుకున్నావ్?" అన్నాడు, ఆ ఓడ తనే కట్టినట్టు. ఇప్పుడు మత్తుమందు తన సరుకంతా దించేసిందేమో. ఉద్యోగం చేస్తానన్నప్పుడల్లా "స్టీలుప్లాంటు రానీ, చూద్దాం" అనేవాడు. దాని శంకుస్థాపన రాయి ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తోంది, తనతో పాటే. ఆ సంగతి ఎత్తిందా? ఆయన జోకులకి ఇన్నేళ్ళూ నవ్వింది ఉత్తుత్తి నవ్వని చెప్పేసిందా?

కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళిన రోజు, ఆయన చీటీ కోసం వరసలో నిలబడ్డప్పుడు, ఆపరేషన్ రోజు మంచం దగ్గరున్న ఆయా గంగాలమ్మ దొరికింది.

"ఆ రోజు నేనేమన్నాను గంగాలమ్మా? నిజం చెప్పు."

"ఏటంతావమ్మా! బూతులేటీ అన్లేదులే, బయపడకు. కామేస్వరీ, కామేస్వరీ అని ఒకటే పిలుపు. 'నెగవే, ఎంతసేపు తొంగుంటావు, బయటికి రా' అని కేకలు. మీ అత్త గజగజా ఒణికిపోయి నా సెయ్యట్టుకుంది. సచ్చిపోయిన ఆల్ల అత్త పేరంట కదా? నువ్వు పిలిత్తే ముసిల్ది వచ్చి నీ మీద పూనీసిందని తల్లీ కొడుకూ నీకు దణ్ణాలు!"



ఆయన నాయనమ్మ పేరూ కామేశ్వరే. పెళ్ళైన మర్నాడే మంగాయమ్మ తేల్చేసింది, "అత్తగారి పేరు పెట్టి కోడల్నెలా తిట్టనూ?" అని. తిట్టడం ఎలాగూ ఖాయం కాబట్టి, అందుకు వీలైన పేరొకటి వెతికారు. చిట్టి. చిట్టీ, నీళ్ళు. చిట్టీ, ఉప్పెక్కువైంది. చిట్టీ, నీకేం తెలుసు. కామేశ్వరి అనే పేరు గోడ మీద దండ వేసిన పటానికి మిగిలింది. మంచం మీద పడున్న మనిషి పేరు కూడా అదేనని ఆ ఇద్దరిలో ఒక్కరికైనా గుర్తు రాలేదు. ఆయన తెచ్చిన చీటీ మీద కూడా 'జి. చిట్టి' అనే ఉంది.

ఆ సాయంత్రం అత్తగారు మళ్ళీ కాఫీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ గోడ మీది పటం వైపు ఓసారి చూసింది. ఎప్పుడో పోయిన అత్తగారికి ఈవిడ ఇంకా భయపడుతూనే ఉంది.

"ఆవిడ... మళ్ళీ వస్తుందంటావా?" గుసగుసగా అడిగింది.

వస్తుందంటే చాలు, జన్మంతా మంచం దగ్గరికి కాఫీ. కామేశ్వరికి నోరూరింది. కానీ ఆ కాఫీ తనకి కాదు, పటంలో ఉన్నావిడకి.

"చిట్టీ, నా కళ్ళజోడేదీ?" పక్కగదిలోంచి ఆయన.

కామేశ్వరి కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. కదల్లేదు.

"వాడు పిలుస్తున్నాడే."

"ఎవర్నో మరి. కూర్చోండి అత్తయ్యా, ఇందులో సగం మీరు తాగండి. ఆ రోజు వచ్చింది మీ అత్తగారు కాదు. నన్ను నేనే పిలుచుకున్నాను. నా పేరు కామేశ్వరి."

మంగాయమ్మ పటాన్నీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. భయం దిగింది. దాని వెనకే చిరాకు ఎక్కింది.

"అయితే ఇక నిన్నేమని తిట్టనే?"

"తిట్టడం కుదరదు కదత్తయ్యా," అంది కామేశ్వరి, మంచం పక్కనున్న ఖాళీ గ్లాసులోకి సగం కాఫీ వంపుతూ. "అందుకే ఆ పేరే ఉంచుకుంటున్నాను."