తోడుకోని గిన్నె

గొర్రెపోతును కోసినప్పుడల్లా మెడ కింద గిన్నె పట్టడం భద్రమ్మ పని. కోసిన పేరు మొగుడు జానయ్యది, వండిన పేరు అత్త లింగమ్మది. పట్టిన నెత్తురు, ఆమె వాకిలి ఊడ్చి వచ్చేసరికి గట్టి పెరుగులా తోడుకునేది. దాన్ని ముక్కలుగా కోసి నల్ల అనే నెత్తురు కూర వండితే, అందరూ తిన్నాక ఆమెకు పులుసు మిగిలేది.

పోలీసు చర్య జరిగిన మరుసటేడు, మోతె దగ్గరి ఆ ఊళ్లో, గడ్డివాము పక్కన ఆమె కూతురు ఎనిమిదేళ్ల సరోజనను పురుగు ముట్టింది. పాము అనే మాట నోటితో అనకూడదు. మంత్రం వేసే సైదయ్య వచ్చి పిల్లకు పచ్చిమిరపకాయ కొరికించాడు. కారమని పిల్ల ఏడ్చింది. అయితే విషం ఎక్కలేదన్నాడు. మూడు దినాలు పొలిమేర దాటించవద్దని చెప్పి వెళ్లాడు.

భద్రమ్మకు నమ్మకం కుదరలేదు. ఆమెకు ఏదీ కుదరదని ఇంటిల్లిపాదికీ తెలుసు. పిల్ల దగ్గితే క్షయ అనుకునే మనిషి, మబ్బు పడితే పిడుగు అనుకునే మనిషి. 'నీకు అన్నిట్ల సావే కనబడ్తది' అని జానయ్య ఎన్నిసార్లు అన్నాడో. తన బుద్ధిలోనే ఏదో తెగులుందని ఆమె కూడా అనుకునేది. కానీ పిల్ల పుక్కిలించిన నీళ్లు ఎర్రగా పడ్డాయి. మడమ మీది రెండు గాట్ల నుంచి నెత్తురు సన్నగా కారుతూనే ఉంది.

ఎవరికీ చెప్పకుండా ఆమె గాటు కింద గిన్నె పట్టింది. నాలుగు చెంచాలంత పడ్డాక పక్కన పెట్టి, చీపురు తీసుకుంది. దేవుడా, ఈ ఒక్కసారి నా భయం అబద్ధం కానీ, వీళ్లంతా నన్ను చూసి నవ్వనీ అనుకుంటూ వాకిలి ఊడ్చింది. వచ్చి గిన్నె వంచింది. నెత్తురు నీళ్లలా జారింది. మళ్లీ మొదటి నుంచి ఊడ్చింది. మళ్లీ వంచింది.

గిన్నె తెచ్చి, పిల్ల గాటు నెత్తురని చెప్పి అత్త ముందు పెట్టింది. జానయ్య నవ్వబోయాడు. లింగమ్మ గిన్నెను అటూ ఇటూ వంచి చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"పేరుకుంటలేదేందే? గిది సూడాల్నని నీకెవరు సెప్పిండ్రు?"

"పన్నెండేండ్లు గీ ఇంట్ల గిన్నె పట్టిన, అత్తా."

జానయ్య సైదయ్యను పిలుస్తానని లేచాడు. భద్రమ్మ అప్పటికే పిల్లను భుజాన వేసుకుంది.

"బండి కడ్తే కట్టు. నేనైతే సూర్యాపేట దవాఖానకు నడుస్తున్న."

పొలిమేర రాయి దాటేటప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆమె తన భయాన్ని నమ్మింది.