రెండు రోజులు ఆగాల్సిన కేకు

జెల్లా లెడ్‌ఫర్డ్ బడి వంటగదిలో స్టీలు బల్ల మీద చిక్కుడు గింజలు పరిచి రాళ్లు ఏరుతోంది. కళ్లద్దాలు ముక్కు కొసకు జారాయి. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిన మచ్చలే. పొయ్యి తలుపు అంచు తగిలినవి కొన్ని, నూనె చిందినవి కొన్ని. మోకాళ్లు మొరాయిస్తాయి కాబట్టి ఎత్తైన పీట వేసుకుని కూర్చుంటుంది. వంటగదిలో కూర్చుని పని చేయకూడదని బడి పెద్దలు చెప్పి చూశారు. ఆమె బుద్ధిగా తల ఊపి మళ్లీ కూర్చుంది.

ఇవాళ పిల్లలు రారు. పక్కనున్న ఆటల హాల్లో పోలింగు. ఓట్లు వేయించే సిబ్బందికి చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె వండిపెట్టడం ప్రతి ఎన్నికకూ ఆమె పనే. ఈసారి తేడా అల్లా, దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఇద్దరిలో ఒకడు ఆమె తమ్ముడు కార్లిన్.

పొద్దున్నే కార్లిన్ వచ్చి, కెమెరాల ముందు ఓటేసి, అందరికీ చేయి ఊపి వెళ్లాడు. పెద్ద పదవులు ఎన్ని చేసినా వాడి ఓటు మాత్రం కొండల్లోని ఈ చిన్న ఊరు ప్రూయిట్ ఫోర్క్‌లో, అక్క ఇంటి చిరునామా మీదే ఉంది. నిన్న రాత్రి ఆ ఇంట్లోనే పడుకుని అన్నాడు:

"దేశమంతా కాదన్నా తట్టుకుంటానక్కా. ఈ ఊరు కాదంటే మాత్రం మళ్లీ ఇక్కడ మొహం చూపించలేను."

"ఎందుకంటార్రా కాదని? మనూరోడివి."

"అంటే చూద్దాం. ఊరు నా వైపుంటే రెండు రోజులు నీ దగ్గరే ఉంటా. ఎవడు పిలిచినా కదలను."

జెల్లా ఆ రెండు రోజులూ గట్టిగా పట్టుకుంది. ఎందుకంటే పొరల కేకు మెత్తబడాలంటే సరిగ్గా అంతే పడుతుంది. ఆ కొండల్లో పెళ్లికి ఇంటికొకరు పల్చటి రొట్టెలాంటి పొర కాల్చి తెస్తారు. వాటి మధ్య ఎండు ఆపిల్ గుజ్జు మెత్తి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. కేకు ఎంత ఎత్తు లేస్తే పెళ్లికూతురంటే ఊరికి అంత ఇష్టమన్నమాట. జెల్లాకు పెళ్లి కాలేదు, ఆ కేకూ లేదు. తల్లి పోయేనాటికి కార్లిన్ చిన్న తరగతులు చదువుతున్నాడు. రైల్వేలో పనిచేసే ఒకతను అడిగితే, తమ్ముడి చదువు అయ్యేదాకా ఆగమంది. అతను ఆగలేదు. ఆమె ఈ వంటగదిలో చేరింది, ఇక్కడే ముసలిదైంది. పక్క హాల్లో వరస కట్టి నిలబడ్డవాళ్లలో చాలామంది ఒకప్పుడు ఆమె ముందు పళ్లేలు పట్టుకుని నిలబడినవాళ్లే.

మొన్న ఆదివారం చర్చిలో తమ్ముడి కోసం పొరలు కావాలని అడిగేసింది. అడగడానికి సిగ్గుపడింది గానీ అడిగింది.

పులుసు ఉడుకుతుండగా వెనక తలుపు దగ్గర వెర్లన్ నిలబడ్డాడు. గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. చేతిలో గుడ్డ చుట్టిన పొర.

"మా ఆవిడ పంపింది. మాడిందనుకునేవు, జొన్నపాకం కలిపింది, దాని రంగే అంత."

"లోపలికొచ్చి కాఫీ తాగు."

"కుక్క బండిలో ఉంది జెల్లా."

"అది కాఫీ తాగదులే, నువ్వు రా."

నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు పైకి రాలేదు.

"నీ తమ్ముడంటే నాకేం కోపం లేదు," అన్నాడు చివరికి. "మా ఇంట్లో తిని తిరిగినోడు."

"కోపమని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. చెప్తున్నానంతే."

గని మూతపడింది కార్లిన్ పార్టీ తెచ్చిన చట్టంతోనేనని ఊరంతా అంటారు. జెల్లా ముందు మాత్రం అనరు. అంత మర్యాద ఉన్న ఊరు.

మధ్యాహ్నం ఏప్రన్ విప్పకుండానే వెళ్లి, తమ్ముడి పేరు పక్కన గుండ్రటి గడిని కాగితం చిరిగేలా అదిమి నింపి వచ్చింది. వచ్చేసరికి గుమ్మంలో మరికొన్ని పొరలు. ఆ తర్వాత వస్తూనే ఉన్నాయి. ఆమె గుజ్జు మెత్తుతూ పేరుస్తూ పోయింది. కేకు కొంత లేచాక పక్కకు ఒరగడం మొదలైంది. నవ్వుకుని రెండోది మొదలుపెట్టింది. ఆ కొండల్లో ఏ పెళ్లికూతురికీ రెండు కేకులు లేచిన గుర్తు లేదు. రాత్రి నుంచీ గుండెలో ఉన్న దిగులు వదిలింది. వీళ్లు మనవాళ్లు, మనవాడికి కాక ఎవరికి వేస్తారు అనుకుంది.

పొద్దు వాలుతుండగా పాస్టరు భార్య రీతా వచ్చింది. పొరతో పాటు ఒక గిన్నెలో వేడి వేడి బంగాళాదుంప కూర కూడా తెచ్చింది.

"ఇదెందుకే?"

"రాత్రికి వండుకోలేవేమోనని." జెల్లా చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "నీకేం కావాలన్నా నేనున్నాను, సరేనా?"

రీతా వెళ్లిపోయాక కూడా జెల్లా గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. తల్లి పోయిన రోజు ఊరివాళ్లు ఇలాగే వచ్చారు. వెనక తలుపు నుంచి, గుడ్డ కప్పిన గిన్నెలతో, కళ్లలోకి చూడకుండా. లోపల కూర్చోమంటే ఎవరికీ తీరిక లేదు. ఇవాళా ఒక్కరూ కూర్చోలేదు. ఇంతసేపూ తాను పెళ్లి కేకు అనుకుంటోంది, వాళ్లు చావు కూడు మోసుకొచ్చారు. గిన్నె బల్ల మీద దింపింది. అయినా ఆఖరి పొర మీద గుజ్జు రాయడం ఆపలేదు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

పోలింగు ముగిసి లెక్క తేలాక మేలీన్ వచ్చి గుమ్మంలో నిలబడింది. హాల్లో ఓట్లు వేయించిన మనిషి, మధ్యాహ్నం రెండుసార్లు పులుసు పోయించుకుంది.

"జెల్లక్కా."

"చెప్పవే. నాకు తెలుసులే."

"ఊళ్లో ముగ్గురికి ఇద్దరు అవతలివాడికే వేశారు."

జెల్లా తల ఊపింది. ఆ ఇద్దరిలో నువ్వూ ఉన్నావా అని అడగలేదు. మేలీన్ కూడా ఎక్కువసేపు నిలబడలేదు.

కార్లిన్ ఒంటరిగా వచ్చాడు. బయట కారు ఇంజను ఆపలేదు. రంగు వేసిన జుట్టు, ఖరీదైన కోటు, కోటు మీద ఓటేసినవాళ్లకిచ్చే గుండ్రటి స్టిక్కరు. రెండు కేకుల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఇన్ని పొరలా! కాల్చడానికొచ్చిన చేతులు ఓటెయ్యడానికి రాలేదేం?"

"కోపం నీ మీద కాదంటరా, పార్టీ మీదంట."

"నా మీద కాదా? కాగితం మీదున్నది నా పేరేగా."

"రెండు రోజులుండు. మెత్తబడుద్ది."

"లేదక్కా. దేశం లెక్క ఇంకా తేలలేదు. పొద్దుటికి గెలిచినా గెలుస్తాను." గెలుస్తాననే మాట ఓడిపోయినవాడి గొంతుతో అన్నాడు. స్టిక్కరు పీకి, మడవబోయి, ఏం చేయాలో తోచక బల్ల అంచుకు అతికించి బొటనవేలితో రుద్దాడు. రుద్దుతూనే, తల ఎత్తకుండా అడిగాడు.

"నిజం చెప్పు. నువ్వు నాకే వేశావా?"

వీడి జ్వరాలు, వీడి బూట్లు, రైల్వే అతని ముఖం అన్నీ ఒక్కసారి జెల్లా కళ్ల ముందు తిరిగాయి. చెంప మీద కొట్టాలనిపించింది, దగ్గరికి లాక్కుని ఏడవాలనిపించింది. ఆ ఆలస్యాన్ని కార్లిన్ మరోలా అర్థం చేసుకున్నాడు.

"పోనీలే," అన్నాడు మెల్లగా. "అడగాల్సింది కాదు."

"వేశానురా," అనేసరికి తలుపు మూసుకుంది. పీట పట్టుకుని లేచి, కాళ్లు ఈడ్చుకుంటూ గుమ్మం చేరింది. కారు వెనక దీపాలు వంతెన దాటి మలుపు తిరిగాయి. ఇక రాడు. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఆమెకు తెలిసింది.

లోపలికొచ్చి పొయ్యి ఆర్పింది. గరిటెలు కడిగి బోర్లించింది. తడిగుడ్డతో బల్ల తుడుస్తూ అంచు దాకా వచ్చి ఆగింది. చిన్న జెండా బొమ్మ, కింద "నేను ఓటు వేశాను" అన్న అక్షరాలు. గోటితో గీకింది. ఒక మూల లేచింది గానీ, మిగతాదంతా స్టీలును పట్టుకునే ఉంది.